38 వేల ఈఎంఐలో అసలుకు జమయ్యేది 2,552

2022 అక్టోబరు చివర్లో ఒక రాత్రి లోను వాయిదాల పట్టిక డౌన్‌లోడ్ చేశాను. మామూలుగా అటు చూసేవాణ్ణి కాదు. ప్రతి నెలా 5వ తేదీన ఖాతాలోంచి డబ్బు పోతుంది, ఫోనుకు మెసేజ్ వస్తుంది, అంతే. ఆఫీసులో పన్ను లెక్క కోసం ఇంటి లోను మీద వడ్డీ ఎంతో రాసిమ్మన్నారు, అందుకని తెరిచాను.

వచ్చే వాయిదా 38,018. అందులో వడ్డీ 35,466. అసలు 2,552.

తప్పు చూశానేమోనని మళ్ళీ కలిపి చూశాను. సరిపోయింది. కింద ఇంకా కట్టాల్సిన నెలలు 376 అని ఉంది. ఆ ఏడాది జనవరిలో 240 నెలలకు తీసుకున్న లోను అది. తొమ్మిది వాయిదాలు కట్టేశాను కాబట్టి 231 మిగలాలి. 376 నెలలంటే 31 ఏళ్ళ పైచిలుకు. నాకప్పటికి 41 ఏళ్ళు. నేను ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు, ఒక్క రూపాయి కొత్తగా అప్పు అడగలేదు. అయినా అప్పు తీరే వయసు 61 నుంచి 72కి జరిగిపోయింది.

మర్నాడు బ్రాంచికి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు ఓపికగానే మాట్లాడారు. "రెపో, అంటే రిజర్వు బ్యాంకు మాకు అప్పిచ్చే రేటు, పెరిగింది కదా సార్. మీకు భారం పడకూడదని ఈఎంఐ ముట్టుకోకుండా నెలలు పెంచాం. మీ జేబులోంచి పోయేది మారలేదు కదా, ఇంక ఇబ్బందేముంది?" అన్నారు. ఆ మాటలో చెడు ఉద్దేశం లేదని ఇప్పటికీ నమ్ముతాను. కానీ అద్దెకిద్దామని ఇల్లు కొనుక్కున్న వాళ్ళను ముంచేది సరిగ్గా ఆ మాటే. వడ్డీ రేటు మారని ఫిక్సెడా, మారుతుండే ఫ్లోటింగా అని నన్నడిగిన ప్రతివాళ్ళకూ ముందు ఈ పట్టికే చూపిస్తాను.

ఆ ఫ్లాటు సంగతి చెప్పాలి. మేముండే ఇల్లు వేరే ఉంది. ఇది ప్రగతినగర్ వైపు రెండు పడగ్గదుల ఫ్లాటు, ఒకరు కట్టించుకుని కొన్నాళ్ళుండి అమ్మేసినది. ధర 62 లక్షల 50 వేలు. అందులో 80 శాతం, అంటే 50 లక్షలు, బ్యాంకు లోను. రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం అవుతుంది, అది చేతి నుంచి పెట్టాను. అప్పటి రెపో రేటు 4 శాతం, దాని మీద బ్యాంకు వేసుకున్న స్ప్రెడ్ 2.75, మొత్తం 6.75. మొదటి అద్దె 17,000. ఏడాదికి 2,04,000. ఇల్లు పెట్టిన ధర మీద మూడుంపావు శాతం రాబడి, అప్పు మీద ఆరుముప్పావు శాతం వడ్డీ. హైదరాబాదులో ఫ్లాటు అద్దెకిచ్చేవాళ్ళలో చాలామంది పరిస్థితి ఇంచుమించు ఇదే. అద్దె ఈఎంఐలో సగం కూడా మొయ్యదు, మిగతాది జీతం మోస్తుంది. ఈ మాట మరిచిపోయి ఫిక్సెడ్, ఫ్లోటింగ్ గురించి ఎంత మాట్లాడుకున్నా ఉపయోగం లేదు.

కొనేముందు ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మా అక్కావాళ్ళు టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. ఫోన్లో బావ ఒకటే మాట: "ఫిక్సెడ్ తీసుకోరా. అద్దె ఏటా పెరుగుతుంది, ఈఎంఐ పెరగదు. పదేళ్ళు పోయేసరికి ఇల్లే నీకు ఎదురు డబ్బిస్తుంది." ఆయన అనుభవంతో చెప్పిన మాట అది. అద్దెకిచ్చిన ఇంటి మీద 2021 మొదట్లో రీఫైనాన్స్ చేయించుకుని, అంటే పాత లోను తీర్చి కొత్త రేటుకు మళ్ళీ లోను తీసుకుని, 30 ఏళ్ళ ఫిక్సెడ్‌లో 3.25 దగ్గర పెట్టుకున్నాడు. ఆ జనవరిలోనే అమెరికాలో 30 ఏళ్ళ ఫిక్సెడ్ సగటు రేటు 2.65కి దిగింది, అక్కడ ఇంటి లోన్లు కొనే ఫ్రెడ్డీ మాక్ అనే సంస్థ లెక్కలు మొదలయ్యాక అంత తక్కువ ఎప్పుడూ లేదు. సొంతంగా ఉండే ఇంటి కంటే అద్దెకిచ్చే ఇంటికి అక్కడ రేటు కాస్త ఎక్కువ వేస్తారు, అందుకే ఆయనకు 3.25. 2023 అక్టోబరు కల్లా అదే సగటు 7.79 అయింది. బావ ఈఎంఐలో వడ్డీ, అసలు కలిపిన మొత్తం ఒక్క డాలరు కదల్లేదు. ఒకవేళ రేట్లు ఇంకా తగ్గి ఉంటే? మళ్ళీ రీఫైనాన్స్ చేసుకునేవాడు. పెరిగితే బ్యాంకుకు నష్టం, తగ్గితే తనకు లాభం. ఇలాంటి ఒప్పందం దొరికిన చోట అద్దె ఇంటికి ఎవరైనా ఫిక్సెడే తీసుకోవాలి. అందులో నాకు వాదన లేదు.

అయితే ఆ నష్టాన్ని అక్కడ నిజంగా భరించేదెవరు? లోనిచ్చిన బ్యాంకు దాన్ని చాలావరకు తన దగ్గర ఉంచుకోదు. 1938లో పుట్టిన ఫ్యానీ మే, 1970లో వచ్చిన ఫ్రెడ్డీ మాక్ అలాంటి లోన్లను కొని, కలిపి, బాండ్లుగా అమ్ముతాయి. ముప్పై ఏళ్ళ వడ్డీ కావాలనుకునే పెన్షన్ నిధులు, బీమా సంస్థలు ప్రపంచం నలుమూలల నుంచీ వాటిని కొంటాయి. తక్కువ వడ్డీ దీర్ఘకాలపు కాగితాలను తన దగ్గరే పెట్టుకున్న బ్యాంకుకు రేట్లు పెరిగితే ఏమవుతుందో 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినప్పుడు చూశాం.

మన బ్యాంకులు మన డిపాజిట్ల నుంచి లోన్లిస్తాయి. మనం డిపాజిట్ వేసేది ఏడాదికి, రెండేళ్ళకు, మహా అయితే అయిదేళ్ళకు. ఏడాదికోసారి రేటు మారే డబ్బు తెచ్చుకుని, ఇరవై ఏళ్ళు రేటు మారని లోను ఎవరిస్తారు? ఇచ్చినా ఆ భయానికి తగ్గ ధర ముందే వేసుకుంటారు. నేను తిరిగినప్పుడు ఒక సంస్థ ఫిక్సెడ్ 9.25 చెప్పింది. ఫ్లోటింగ్ కంటే రెండున్నర శాతం ఎక్కువ. అదీ మొదటి మూడేళ్ళకే, ఆ తర్వాత అప్పటి రేటు ప్రకారమట. మూడేళ్ళ ఫిక్సెడ్‌ని మన దగ్గర ఫిక్సెడ్ అనే అంటున్నారు. బావ చెప్పిన వస్తువు వేరు, ఇక్కడ ఆ పేరుతో అమ్మే వస్తువు వేరు.

ఇంకో సంగతి మా ఇంట్లోనే జరిగింది. మా చిన్నాన్న 2004లో రామచంద్రాపురంలో ఇల్లు కట్టి కింద వాటా అద్దెకిచ్చాడు. ఏడున్నర శాతం, ఫిక్సెడ్, పదిహేనేళ్ళు. ఇంక చూసుకోవక్కర్లేదనుకున్నాడు. 2007లో ఒక ఉత్తరం వచ్చింది. డబ్బు మార్కెట్లో అసాధారణ పరిస్థితులు ఏర్పడినందువల్ల ఒప్పందంలోని ఫలానా నిబంధన ప్రకారం మీ ఫిక్సెడ్ రేటును సవరిస్తున్నాం అని. చిన్నాన్న పాత ఒప్పందం తీసి వెతికాడు. పదకొండో పేజీలో చిన్న అక్షరాల్లో ఆ నిబంధన నిజంగానే ఉంది. దాని కింద పెన్సిల్‌తో గీత గీశాడు. ఆ కాగితాలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి, నేను లోను తీసుకునే ముందు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సంతకం పెట్టే ముందు ఇలాంటిదుందేమో చూసుకో నాన్నా" అన్నాడు, ఇంకేమీ అనలేదు. ఆ రోజుల్లో అలాంటి ఉత్తరాలు అందుకున్నవాళ్ళు చాలామంది.

అట్లాగని పాత ఫ్లోటింగ్ గొప్పగా ఉండేదనట్లేదు. పెద్దవాళ్ళకు ఫ్లోటింగ్ అంటే ఉన్న అపనమ్మకం ఊరికే రాలేదు. బ్యాంకులు లోన్ల రేటు కట్టడానికి 2010 జులైలో బేస్ రేటు అనే కొలమానం వచ్చింది, 2016 ఏప్రిల్‌లో దాని బదులు ఎంసీఎల్ఆర్ వచ్చింది. పేరు మారినా తీరు ఒకటే: రిజర్వు బ్యాంకు పెంచితే మన వడ్డీ వెంటనే పెరిగేది, తగ్గిస్తే నింపాదిగా, అరకొరగా తగ్గేది. బ్యాంకులు తమ లోపలి లెక్కలతో రేటు కడుతున్నాయి కాబట్టి తగ్గింపు జనానికి చేరట్లేదని రిజర్వు బ్యాంకు వేసిన జనక్ రాజ్ బృందమే 2017లో చెప్పింది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లన్నీ బయటి కొలమానానికి, ఎక్కువగా రెపో రేటుకు, ముడిపెట్టాలన్నారు. మూడు నెలలకు ఒకసారైనా రేటు సవరించాలి. అప్పటి నుంచే ఫ్లోటింగ్ అన్న మాటకు అర్థం వచ్చింది. ఒక్క హెచ్చరిక: ఈ నిబంధన బ్యాంకులకే. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు తమ సొంత ప్రైమ్ రేటుతో నడుస్తాయి, అది ఎప్పుడు తగ్గించాలో వాళ్ళ ఇష్టం. బిల్డరు ఆఫీసులోనే లోను కాగితాలు పెట్టించేస్తుంటే అది బ్యాంకా, ఫైనాన్స్ కంపెనీయా అని అడగండి. ఫ్లోటింగ్ తీసుకుంటే బ్యాంకు దగ్గర, రెపోకి ముడిపెట్టినదే తీసుకోండి.

ఇక నా లెక్కకు వస్తాను, నా నమ్మకమంతా అందులోనే ఉంది.

2022 మే 4 మధ్యాహ్నం రెండింటికి అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు శక్తికాంత దాస్ ముందు అనుకోని సమావేశం తర్వాత వీడియోలో కనిపించి రెపో 4 నుంచి 4.40 చేశామన్నారు. ఎల్ఐసీ షేర్ల అమ్మకం మొదలైన రోజే అది. మా ఆఫీసు క్యాంటీన్లో అందరూ ఎల్ఐసీ గురించే మాట్లాడుకుంటున్నారు, రెపో మాట ఎవరూ ఎత్తలేదు. జూన్‌లో 4.90, ఆగస్టులో 5.40, సెప్టెంబరు ఆఖర్న 5.90, డిసెంబరులో 6.25, 2023 ఫిబ్రవరిలో 6.50. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. నా రేటు 6.75 నుంచి 9.25కి వెళ్ళింది.

బ్రాంచిలో ఆ రోజు నేను రాసిచ్చిన దరఖాస్తులో ఒకటే కోరాను: నా లోను 231 నెలల్లోనే తీరాలి, అందుకు ఈఎంఐ ఎంత కావాలో అంత పెంచండి. నవంబరు నుంచి 43,800 అయింది. జనవరిలో, ఏప్రిల్‌లో మళ్ళీ పెరిగి 45,650 దగ్గర ఆగింది. మొదలుపెట్టిన దానికంటే నెలకు 7,600 ఎక్కువ. మా ఆవిడ పాప స్కూలు ఫీజు, కారు మార్చే ఆలోచన, అన్నీ ముందేసుకుని కూర్చుంది. కారు ఆగింది. నొప్పిగానే ఉండింది, దాచడమెందుకు.

ఇప్పుడు ఫిక్సెడ్ తీసుకుని ఉంటే? 50 లక్షలకు 9.25 చొప్పున 20 ఏళ్ళకు ఈఎంఐ దాదాపు 45,800. అంటే రేట్లు పెరిగి పెరిగి నేను చేరిన చివరి మెట్టు మీద, ఫిక్సెడ్ తీసుకున్నవాడు మొదటి నెల నుంచే నిలబడి ఉన్నాడు. నేను ఆ మెట్టు మీద రెండేళ్ళు ఉన్నాను. 2025 ఫిబ్రవరి నుంచి రెపో దిగడం మొదలై ఏప్రిల్‌లో 6, జూన్‌లో 5.50, డిసెంబరులో 5.25 అయింది. నాకు దిగింది. ఫిక్సెడ్ తీసుకున్నవాడికి దిగదు. దిగాలంటే లోను మార్చుకోవాలి, మార్చుకుంటే ముందుగా తీర్చినందుకు చాలాచోట్ల అపరాధ రుసుము కట్టాలి. ఫ్లోటింగ్ ఇంటి లోను ముందే తీర్చేస్తే బ్యాంకు రూపాయి కూడా తీసుకోకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. అద్దె ఇంటి విషయంలో ఇది చాలా పెద్ద సంగతి. సొంతిల్లు అమ్ముకునేది అరుదు. అద్దె ఫ్లాటును పిల్ల చదువు కోసమో, ఊళ్ళో పొలం కోసమో ఏ నిమిషంలోనైనా అమ్మాల్సి రావచ్చు. తలుపు తెరిచి ఉంచుకోవడానికి ఫ్లోటింగ్‌లో డబ్బు కట్టక్కర్లేదు.

నా ఒక్క అనుభవం పెట్టుకుని ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని చెప్పడం తప్పు. రెపో 2008లో 9 శాతానికి వెళ్ళింది, 2011 అక్టోబరులో 8.50 ఉంది, 2014 జనవరిలో 8 ఉంది. మళ్ళీ 8.50 వస్తే నా పాత స్ప్రెడ్‌తో 11.25. అప్పుడు 50 లక్షలకు ఈఎంఐ దాదాపు 52,500 అవుతుంది. అమెరికాలో మారే రేటు లోను తీసుకుంటే మొదటి రేటు మీద ఇంత శాతం మించి ఎప్పటికీ పెరగకూడదని సాధారణంగా హద్దు రాసి ఉంటుంది, చాలావాటిలో 5 శాతం. మన ఫ్లోటింగ్‌లో అలాంటి హద్దు మామూలుగా ఉండదు. ఆ హద్దు మనమే మన జీతం చూసి పెట్టుకోవాలి. నేను ఎవరికైనా చెప్పేదిదే: శాంక్షన్ లెటర్లో ఉన్న ఈఎంఐ చూడకండి. 11.25 పెట్టి లెక్కేయండి, అందులోంచి అద్దె తీసేయండి, ఆ ఏడాది రెండు నెలలు ఫ్లాటు ఖాళీగా ఉందనుకోండి. మిగిలింది జీతంలోంచి రెండేళ్ళ పాటు కట్టగలరా? కట్టగలిగితే ఫ్లోటింగ్ తీసుకోండి. కట్టలేకపోతే ఫిక్సెడ్ వైపు పరుగెత్తకండి, 50 లక్షలను 35 చేసుకోండి, లేదా ఆగండి. పక్కాగా ఉంటుందని తీసుకున్న మూడేళ్ళ ఫిక్సెడ్ నాలుగో ఏడు ఏ రేటుకు తిరుగుతుందో దేవుడికే తెలియాలి.

ఖాళీ గురించి అన్నాను కదా. మా మొదటి అద్దెవాళ్ళు 2023 వేసవిలో వెళ్ళిపోయారు. వర్క్ ఫ్రమ్ హోమ్ అయిపోయి ఆఫీసుకు రమ్మంటే కొండాపూర్ వైపు మారారు. రంగులు వేయించి, బాత్రూమ్ లీకేజీ బాగుచేయించి, గేటుకు టులెట్ బోర్డు కట్టి, కొత్తవాళ్ళు దిగేసరికి ఏడు వారాలు. ఆ ఏడు వారాల్లో రెండు ఈఎంఐలు పోయాయి, మెయింటెనెన్స్ మనమే కట్టాం, రేటు శిఖరం మీద ఉంది. అద్దె ఇంటికి వడ్డీ పెరగడం, ఇల్లు ఖాళీ అవడం ఒకేసారి వచ్చిపడతాయి. సొంతింట్లో ఉండేవాడికి రెండోది లేదు. అందుకే ఈఎంఐలో అద్దె పోను ఎంత మిగులుతుందో దానికి ఆరు రెట్లు వేరే ఖాతాలో పెట్టి ముట్టుకోకూడదని నేననేది.

అద్దె ఒప్పందం 11 నెలలకు రాసుకుంటాం. ఇది ఊరంతా ఉన్న అలవాటు. 11 నెలలకోసారి 5 శాతమో, మంచివాళ్ళయితే వదిలేసో. లోను వడ్డీ మాత్రం 3 నెలలకోసారి మారుతుంది. నా ఈఎంఐ 7,600 పెరిగిన కాలంలో అద్దె 17,000 నుంచి 18,500 అయింది. ధరలు పెరిగినప్పుడు రిజర్వు బ్యాంకు రేటు పెంచుతుంది, ధరలతో పాటు అద్దెలూ పెరుగుతాయి, కాబట్టి రెండూ సర్దుకుంటాయి అని కొందరంటారు. సర్దుకుంటాయి, కానీ రెండుమూడేళ్ళ తర్వాత. ఇప్పుడు మా ఫ్లాటు అద్దె 22,000. ఈ మధ్యలో ఉన్న ఎడాన్ని దాటించేది జీతమే.

పన్ను కాపాడుతుందనుకునేవాళ్ళకు రెండు ముక్కలు. అద్దెకిచ్చిన ఇంటి మీద వడ్డీ మొత్తం చూపించుకోవచ్చు, హద్దు లేదు, నిజమే. అద్దెలో 30 శాతం మరమ్మతుల కింద ముందే తీసేస్తారు. 2,04,000 లో అది పోతే 1,42,800. నా రేటు 6.75 దగ్గరే ఉండి ఉంటే మొదటి ఏడాది వడ్డీ సుమారు 3,34,000. నష్టం 1,91,000. పాత పద్ధతి పన్నులో ఇంటి మీద నష్టాన్ని జీతంలోంచి ఏడాదికి 2 లక్షల దాకా తీసేసుకోవచ్చు, 2017లో తెచ్చిన హద్దు అది. అంటే మొదటి రేటు దగ్గరే ఆ హద్దు దాదాపు నిండిపోయింది. రేటు 9.25 అయ్యాక వడ్డీ నాలుగున్నర లక్షలకు చేరింది. పెరిగిన లక్ష పైచిలుకు వడ్డీకి ఆ ఏడాది పన్ను నుంచి నాకు దాదాపు ఏమీ రాలేదు, ముందుకు తోసి 8 ఏళ్ళలో వాడుకోమన్నారు. కొత్త పద్ధతి పన్నులో అదీ లేదు, వడ్డీ అద్దె ఆదాయాన్ని తుడిచేసే వరకే పనికొస్తుంది, జీతం జోలికి రాదు. "వడ్డీ పెరిగితే పన్ను తగ్గుతుంది కదా" అని అద్దె ఇంటి గురించి ఇంకా ఎవరైనా అంటే అది 2017కి ముందు మాట.

స్ప్రెడ్ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. ఫ్లోటింగ్ లోనులో రెపో కదులుతుంది, స్ప్రెడ్ అలాగే పడి ఉంటుంది. మనం బేరమాడాల్సిన రేటు నిజానికి అదే, మనమేమో మొత్తం అంకె చూసి సంతకం పెడతాం. నాది 2.75. తర్వాత రెండేళ్ళకు అదే బ్యాంకు కొత్తగా వచ్చినవాళ్ళకు 2 కంటే తక్కువ స్ప్రెడ్‌తో లోన్లిచ్చింది. అదే వీధి, అదే సైజు ఫ్లాటు, నాకు 9.25, వాళ్ళకు ఎనిమిదిన్నర లోపు. ఇది నాకు చాలా బాధ కలిగించింది. ఏళ్ళ తరబడి వేళకు కడుతున్న మనిషి మీద ఎక్కువ, నిన్న వచ్చినవాడి మీద తక్కువ. ఎవరూ పిలిచి తగ్గించరు, మనమే వెళ్ళి అడగాలి. 2025 అక్టోబరు నుంచి స్ప్రెడ్‌లో కొన్ని భాగాలను మూడేళ్ళు ఆగకుండానే తగ్గించే వెసులుబాటు రిజర్వు బ్యాంకు ఇచ్చింది. వేరే బ్యాంకు ఇచ్చిన ఆఫర్ కాగితం పట్టుకుని వెళ్ళి, లోను మార్చేసుకుంటానని రాసిచ్చాను. కొంత ఫీజు తీసుకుని 2.25 చేశారు. ఈ జనవరి నుంచి నా రేటు 7.50.

మళ్ళీ మొదటి పట్టిక దగ్గరికి వస్తాను. ఆ అక్టోబరులో నేను పట్టిక తెరవకపోయి ఉంటే ఏమయ్యేది? అదే 38,018 కడుతూ ఉండేవాణ్ణి. 9.25 వచ్చిన ఏప్రిల్లో నెల వడ్డీ 37,800 దాటేది, అసలుకు రెండొందలు కూడా జమయ్యేది కాదు. ఆ ఈఎంఐతో ఆ లోను తీరడానికి దగ్గరదగ్గర 58 ఏళ్ళు పడుతుంది, అంటే నాతో తీరదు, మా పాపతో తీరుతుంది. ఇది ఒక్క నా కథ కాదు, అప్పట్లో లక్షల ఇళ్ళల్లో జరిగింది. అందుకే 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఆదేశమిచ్చింది: రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, నెలలు పెంచుకోవాలా, రెండూ కొంచెం కొంచెం చేసుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్ళే తేల్చుకోవాలి, వాళ్ళను అడక్కుండా చేయకూడదు, కట్టే ఈఎంఐ వడ్డీకి కూడా చాలని స్థితి రానివ్వకూడదు. ఫిక్సెడ్‌కి మారే అవకాశం కూడా ఇవ్వాలని అప్పుడు తప్పనిసరి చేశారు, 2025లో దాన్ని బ్యాంకుల ఇష్టానికి వదిలేశారు. ఆ వదిలేయడం నాకు నచ్చలేదు. తీసుకునేవాళ్ళు తక్కువే కావచ్చు, ఉండాల్సిన హక్కు అది.

అడగాలని నిబంధన వచ్చినా, మనం జవాబు చెప్పకపోతే చాలా చోట్ల నెలలు పెంచడమే జరుగుతోంది. జనం కూడా అదే కోరుకుంటున్నారు, ఎందుకంటే ఆ నెల నొప్పి తెలియదు. రేటు పెరగడం వల్ల ఎవరూ మునిగిపోవడం నేను చూడలేదు. పెరిగిన రేటు కనబడకుండా పోవడం వల్ల పదేళ్ళు అదనంగా కడుతున్నవాళ్ళను మా అపార్టుమెంటులోనే నలుగురిని చూశాను. ఫ్లోటింగ్ తీసుకుని ఈఎంఐని కదలనివ్వనివాళ్ళు ఫ్లోటింగ్ తక్కువ వడ్డీనీ, ఫిక్సెడ్ నిశ్చింతనూ కలిపి కోరుకుంటున్నారు. ఆ రెండూ కలిపి ఇచ్చే లోను లేదు.

తగ్గేటప్పుడు కూడా అంతే జాగ్రత్త కావాలి. 2025లో రేటు దిగుతున్నప్పుడు ఈఎంఐ తగ్గించమంటారా అని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. వద్దని రాశాను. 45,650 మాకు అలవాటైపోయింది, కారు లేకుండా ఉండటమూ అలవాటైపోయింది. ఈ జనవరి పట్టికలో 45,650 లో వడ్డీ 28,400 చిల్లర, అసలు 17,000 పైన. మిగిలిన నెలలు 156. మొదట్లో అనుకున్న లెక్క ప్రకారమైతే 192 ఉండాలి. మూడేళ్ళు ముందే తీరుతుంది.

మొన్న సంక్రాంతికి బావ వచ్చినప్పుడు ఆ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. తన ఇంటికి వడ్డీ మారకపోయినా ఇంటి పన్ను, ఇన్సూరెన్సు ఏటా పెరిగి నెలసరి కట్టేది నాలుగైదు వందల డాలర్లు ఎక్కువైందని, అద్దెకిచ్చిన ఇంటికి సొంతింటివాళ్ళకిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు కూడా రాదని అప్పుడు చెప్పాడు. ఇక్కడ అత్తాపూర్‌లో ఏదో ఫ్లాటు చూస్తున్నాడట, ఫైనాన్స్ కంపెనీవాళ్ళు అప్పుడే ఫిక్సెడ్ ఆఫర్ పంపారట. చిన్నాన్న బీరువాలోంచి ఆ పదకొండో పేజీ జిరాక్సు తీయించి ఇచ్చాను. విమానంలో చదువుకుంటానని ఫైల్లో పెట్టుకున్నాడు.

మా ఫ్లాటు అద్దె ఒప్పందం ఏప్రిల్‌తో అయిపోతుంది. ఉన్నవాళ్ళు మంచివాళ్ళు, ఇద్దరు పిల్లలు, స్కూలు పక్క వీధిలోనే. 23,000 అడుగుదామని నేను, 22,500 చాలని మా ఆవిడ.